ఏడాది చెక్కని రాయి: షిరసె దీవి తోషినాషి అమ్మవారి కథ

జపాను దేశపు లోపలి సముద్రంలో షిరసె అనే చిన్న దీవి ఉంది. రేవు నుంచి బయలుదేరిన పడవ దీవికి దగ్గరవుతుండగానే, ఒడ్డున చిన్న గుట్ట మీద ఎర్ర రంగు తోరణ ద్వారం, దాని వెనుక వంగిన దేవదారు చెట్లు కనిపిస్తాయి. ఆ చెట్ల నడుమ ఉన్నదే తోషినాషి అమ్మవారి ఆలయం. తోషి అంటే సంవత్సరం, నాషి అంటే లేనిది. సంవత్సరం లేని తల్లి అని అర్థం.

గుడిలో విగ్రహం లేదు. మనిషి ఛాతీ ఎత్తు ఉండే బూడిదరంగు రాయి ఒక్కటే ఉంది. రాతికి కుడివైపున ప్రార్థన, మధ్యలో ఊరి పేరు, దేవత పేరు చెక్కి ఉంటాయి. ఎడమ అంచున, ఆ దేశపు ఆచారం ప్రకారం ప్రతిష్ఠించిన సంవత్సరం ఉండవలసిన చోట, నున్నగా చదును చేసిన పట్టీ మాత్రం ఉంటుంది. అక్కడ ఏదో ఉంటే చెరిపేశారని కొందరు అనుకుంటారు. చేత్తో తడిమి చూస్తే తెలుస్తుంది, ఆ చోట ఏనాడూ ఉలి దిగలేదు.

మన గుళ్లలో సంకల్పం చెప్పేటప్పుడు పూజారి నడుస్తున్న సంవత్సరం పేరు తప్పకుండా పలుకుతాడు. ప్రభవ నుంచి అక్షయ వరకు అరవై పేర్లు వరుసగా తిరుగుతూ వస్తాయి. వాటిని మార్చే అధికారం ఏ రాజుకూ లేదు. జపానులో పద్ధతి వేరు. అక్కడ చక్రవర్తి ఒక పేరు ప్రకటిస్తే కాలం ఆ పేరుతో నడుస్తుంది. చక్రవర్తి మారినా, భూకంపమో కరువో వచ్చినా, పాత పేరు తీసి కొత్త పేరు పెట్టేవారు. కొన్ని పేర్లు ముప్పై ఏళ్లు దాటి నిలిచాయి. కొన్ని రెండేళ్లు కూడా నిండకుండానే ముగిశాయి. గెన్‌ర్యకు అనే పేరు అలాంటిది. క్రీస్తు శకం లెక్కలో అది పదకొండు వందల ఎనభై నాలుగులో మొదలై మరుసటి ఏడే ముగిసింది. ఈ గుడి కథ ఆ కొద్ది కాలంలో జరిగినదే.

పూర్వం ఇక్కడ గుడి లేదు, తోరణం లేదు. ఒడ్డున ఉప్పు కాచే గుడిసెలు మాత్రం ఉండేవి. దీవి జనం సముద్రపు నాచును ఎండబెట్టి, దాని మీద సముద్రపు నీరు పోసి, చిక్కగా దిగిన ఉప్పునీటిని ఇనుప బాణళ్లలో కాచి ఉప్పు తీసేవారు. ఆ ఉప్పును గడ్డి బస్తాల్లో కట్టి, ప్రతి బస్తాకు ఊరి పేరు, సంవత్సరం పేరు రాసిన చెక్క ముక్క వేలాడదీసేవారు. ఊరికి పెద్ద సబురొ. ఉప్పు రుచి చూసి ఏ బాణలిదో చెప్పగలడని, మనిషి ముఖం చూసి ఏం దాస్తున్నాడో చెప్పగలడని జనం అనుకునేవారు. మొదటి మాట నిజం. రెండవది సబురొ మాత్రమే నమ్మేవాడు.

ఆ రోజుల్లో దేశం రెండుగా చీలింది. తైరా వంశం వారు చిన్నపిల్లవాడైన చక్రవర్తిని వెంటబెట్టుకొని రాజధాని వదిలి సముద్రం మీదికి వచ్చేశారు. వారి ఓడల మీద ఎర్ర జెండాలు ఎగిరేవి. మినమోతో వంశం వారు రాజధానిని పట్టుకున్నారు. వారివి తెల్ల జెండాలు. రాజధానిలో మరొక చక్రవర్తిని కూర్చోబెట్టి, కాలానికి గెన్‌ర్యకు అని కొత్త పేరు పెట్టారు. ఎర్ర జెండాల వారు ఆ పేరును ఒప్పుకోలేదు. వారి లెక్కలో పాత పేరైన జుయెయ్ ఇంకా నడుస్తూనే ఉంది. ఒకే వేసవికి రెండు పేర్లు వచ్చిపడ్డాయి. ఎవరి నోట ఏ పేరు వచ్చిందో దాన్నిబట్టి వారు ఎవరి మనిషో తెలిసిపోయేది. అప్పటి నుంచి ఆ తీరం అంతటా కొత్త మనిషి కనిపిస్తే అడిగే మొదటి ప్రశ్న ఒకటే అయింది: ఇది ఏ ఏడు? తప్పు జవాబు చెప్పినవారికి మరో ప్రశ్న ఉండేది కాదు.

షిరసె ఉప్పు ఎర్ర జెండాల ఓడలకు వెళ్లేది. కిందటి శీతాకాలంలో ఆ ఓడలవారు ఉప్పుతోపాటు సబురొ ఒక్కగానొక్క కొడుకు కొతారొను కూడా తెడ్డు వేయడానికి పట్టుకుపోయారు. మళ్లీ కబురు లేదు. ఆనాటి నుంచి సబురొ ఊళ్లో ఒక కట్టుబాటు పెట్టాడు. కొత్తవారి ఎదుట కొతారొ పేరు ఎవరూ ఎత్తకూడదు. తెల్ల జెండాల వారికి తెలిస్తే ఈ ఊరు శత్రువుకు మనుషులను పంపిందని గుడిసెలు తగలబెడతారు. ఎర్ర జెండాల వారి మనిషి వింటే, కొడుకును అడ్డుపెట్టుకొని ఊరిని మరింత పిండుతారు. అతని భార్య మినె ఆ కట్టుబాటును ఒప్పుకోనూ లేదు, మీరనూ లేదు. మాట్లాడడం మాత్రం తగ్గించేసింది.

ఇలా ఉండగా ఒక రోజు, పోటు తగ్గిన తరువాత, నాచు ఏరడానికి వెళ్లిన ఆడవారికి రాళ్ల మధ్య ఒక మనిషి కనిపించాడు. భుజం మీద కత్తి గాటు ఉంది. ఒంటి మీద ఏ పక్షానిదో చెప్పే గుడ్డ ముక్క కూడా లేదు. మినె అతని తల ఒడిలో పెట్టుకొని, వేయించిన బార్లీ కాచిన నీళ్లు గొంతులో పోసింది. కళ్లు తెరిచేసరికి ఎదురుగా సబురొ కర్ర పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఇది ఏ ఏడు అని అడిగాడు.

ఆ మనిషి చాలాసేపు కర్రనే చూశాడు. తన పేరు తొకుజి అని, రాతిపనివాడినని చెప్పాడు. ఏడు మాత్రం చెప్పలేదు. మళ్లీ అడిగితే తల తిరుగుతోందని కళ్లు మూసుకున్నాడు. సబురొకు అనుమానం అప్పుడే బలపడింది. తల తిరిగేవాడు ఒక పేరైనా తప్పు చెబుతాడు. రెండు పేర్లూ తెలిసినవాడే నోరు కట్టుకుంటాడు.

అతన్ని ఉప్పు గుడిసెలో పడుకోబెట్టారు. సబురొ తన పొరుగువాడైన క్యూజిని కాపలా పెట్టి, ఒక్క క్షణం కూడా వదిలిపెట్టవద్దని చెప్పాడు. క్యూజి వాగుడుకాయ. వాడి నోటికి జడిసి రోగి నిజం కక్కేస్తాడని ఊళ్లో నవ్వుకున్నారు. మినె గంజి తెచ్చినప్పుడు కూడా క్యూజి పక్కనే కూర్చునేవాడు. తొకుజి ఆవిడ ముఖం చూసి ఏదో అడగబోయి, క్యూజిని చూసి ఆగిపోయేవాడు. క్యూజి ఆ సంగతిని పూసగుచ్చినట్టు సబురొకు చేరవేశాడు. మా ఇంటిదాన్ని చూసి ఏం అడగబోతాడు, ఓడలు ఎప్పుడొస్తాయనా, బస్తాలు ఎక్కడ దాచామనా అని సబురొ ఆలోచించాడు. అతని ఆలోచనలన్నీ ఆ ఒక్క దారిలోనే నడిచాయి.

ఆ దారి చివర ఒక ఆశ ఉంది. ఈ తొకుజి తెల్ల జెండాల మనిషే అయితే, ఉప్పు కోసం ఓడలు వచ్చినప్పుడు అతన్ని అప్పగించి కొడుకును విడిపించుకోవచ్చు. అందుకు అతని నోట గెన్‌ర్యకు అనే మాట ఒక్కసారి రావాలి. సబురొ సముద్ర దేవతకు మొక్కుకుందామని గుట్ట మీదికి వెళ్లి, సగం మొక్కులో ఆగిపోయాడు. రెండు పక్షాల ఓడలూ ఆ తల్లికే మొక్కుకొని బయలుదేరుతున్నాయి కదా, ఆవిడ ఎవరి పక్షమో ఏం తెలుసు అనుకొని దిగివచ్చాడు.

గాయం మానాక సబురొ అతనికి ఒక పని చెప్పాడు. సముద్రపు అమ్మవారి పేరున గుట్ట మీద రాయి నిలబెట్టాలని ఊరివారి కోరిక అని, ప్రాణం నిలిపిన ఊరికి ఆ పని చేసిపెట్టమని అడిగాడు. ప్రార్థన, ఊరి పేరు, దేవత పేరు, చివర సంవత్సరం, అంతా పద్ధతి ప్రకారం ఉండాలన్నాడు. తొకుజి సంతోషంగా ఒప్పుకున్నాడు. నోరు దాచినదాన్ని ఉలి బయటపెడుతుందని సబురొ పన్నాగం.

తొకుజి నిజంగానే రాతిపనివాడు. ఉలి చేతిలోకి రాగానే అతని భుజాలు సర్దుకున్నాయి. సబురొ రోజూ ఏదో ఒక వంకతో గుట్ట ఎక్కేవాడు. ప్రార్థన పూర్తయింది. ఊరి పేరు, అమ్మవారి పేరు పూర్తయ్యాయి. ఎడమ అంచు మిగిలింది. తొకుజి ఆ అంచును ఇసుకతో, నీటితో రుద్దడం మొదలుపెట్టాడు. అద్దంలా అయ్యేదాకా రుద్దాడు. తరువాత ఉలిని తుడిచి గుడ్డలో చుట్టి, పని అయిపోయిందని ఊరందరినీ పిలవమన్నాడు.

జనం చేరారు. సబురొ ఖాళీ పట్టీని చూసి, ఏడు ఏదని అడిగాడు.

"మీరు చెప్పండయ్యా, చెక్కుతాను," అన్నాడు తొకుజి. "ఊరు మీది. ఏడు కూడా మీదే కావాలి కదా."

సబురొ రెండు పేర్లనూ మనసులో తూచి చూశాడు. జుయెయ్ అంటే, ఈ మనిషి రేపు తెల్ల జెండాల వారికి చేరవేస్తే ఊరు బూడిద. గెన్‌ర్యకు అంటే, ఈ గుంపులో ఎవరైనా ఓడలవారి చెవిన వేస్తే తన తల పోతుంది, కొడుకు తల కూడా. పుట్టినప్పటి నుంచి ఎరిగిన ముఖాలనే అతను ఒక్కొక్కటిగా తేరిపార చూశాడు. ఆ ముఖాలు కూడా ఒకదాన్నొకటి అలాగే చూసుకుంటున్నాయి.

"ఆ జాగా పీతలకి వదిలేద్దాం పెద్దన్నా," అన్నాడు క్యూజి. "వాటికి ఏ చక్రవర్తీ లేడు."

కొందరు నవ్వారు. నవ్వినవారు ఎవరని మిగిలినవారు వెంటనే తిరిగి చూశారు. నవ్వు ఆగిపోయింది. ఒకరి తరువాత ఒకరు గుట్ట దిగి ఇళ్లకు వెళ్లిపోయారు. రాయి అలాగే నిలిచింది.

మరికొన్ని రోజులకు ఒక ఓడ వచ్చింది. దాని మీద ఎర్ర జెండా లేదు, తెల్ల జెండా లేదు. సాయుధులతో దిగిన సరంగు నేరుగా సబురొ దగ్గరికి వచ్చి, ఇది ఏ ఏడు అని అడిగాడు. ఇంతకాలం సబురొ అడిగిన ప్రశ్న ఇప్పుడు అతని మీదికే వచ్చింది. అయినా అతని తెలివి పూర్తిగా పోలేదు. మీరు ఏ ఏటి ఉప్పు తెమ్మంటే ఆ ఏటి ఉప్పే ఉందయ్యా అన్నాడు. సరంగు పగలబడి నవ్వి, ఓడలోని చాప కింది నుంచి జెండా తీయించాడు. అది ఎర్ర జెండా.

సబురొ ఊపిరి పీల్చుకున్నాడు. ఎన్నాళ్లుగానో మనసులో కూర్చుకున్న మాట అప్పుడు బయటపెట్టాడు. ఈ ఒడ్డున తెల్ల జెండాల మనిషి ఒకడు దొరికాడని, వాడిని కట్టి అప్పగిస్తానని, బదులుగా తన బిడ్డను వదలాలని వేడుకున్నాడు. తొకుజి ఎవరో తనకు తెలియదన్న సంగతి చెప్పలేదు. వెనుక నిలబడిన మినె భర్త వంక తిరిగి చూసింది, కానీ అప్పటికే మనుషులు తొకుజిని ఈడ్చుకు వస్తున్నారు.

సరంగు అతని చేతులు తిప్పి అరచేతులు చూశాడు. ఉలి పట్టు కాయలకు అడ్డంగా, రెండు చేతుల్లోనూ ఒకే తీరున, తెడ్డు ఒరుసుకున్న గట్టి చార ఉంది. చీలమండ దగ్గర తాడు కోసిన మచ్చ ఉంది. ఇతను తెల్ల జెండాల వాడు కాడని, తమ ఓడ నుంచే పారిపోయిన తెడ్డు మనిషని సరంగు తేల్చాడు. పారిపోయినవాడికి శిక్ష సముద్రమే. తన మనిషిని తనకే అప్పగించి కొడుకును అడగడం బాగుందని వెటకారం చేస్తూ, ఇంతకీ ఆ కొడుకు పేరేమిటని అడిగాడు.

"కొతారొ," అన్నాడు సబురొ.

అప్పటిదాకా తల వంచుకొని ఉన్న తొకుజి తల ఎత్తాడు.

"కొతారొ మీ కొడుకా అయ్యా? నా పక్క తెడ్డు అతనిదే. నేను నీళ్లలోకి దూకేటప్పుడు, షిరసెకు చేరితే బతికే ఉన్నానని మా అమ్మకు చెప్పమన్నాడు. నేనే అడిగితే పారిపోయినవాడినని తెలిసిపోతుందని, వచ్చిన రోజు నుంచి ఆ పేరు ఎవరి నోటనైనా వస్తుందా అని చెవులు రిక్కించుకొని ఉన్నాను. ఒక్కరూ అనలేదు. అతని ఇంటివారు ఈ ఊళ్లో ఇక లేరేమో అనుకున్నాను."

మినె ముందుకు వచ్చింది. ఆవిడ ఏడవలేదు. ఆ మాట మళ్లీ చెప్పమని తొకుజిని అడిగింది. బతికే ఉన్నాడన్న ముక్క మరొక్కసారి చెప్పించుకుంది. గంజి ముంతల మధ్య తాను అడ్డుగా కూర్చున్న పూటలు క్యూజికి కళ్ల ముందు తిరిగాయి.

మనుషులు తొకుజిని నీళ్లలోకి నడిపిస్తున్నారు. సబురొ పరుగెత్తి అడ్డం పడ్డాడు. ఇతన్ని ముంచేస్తే ఓడకు ఏమొస్తుంది, బదులుగా నన్ను తీసుకోండి అన్నాడు. ఈ ముసలి చేతులతో తెడ్డు వేస్తావా అని సరంగు ఎగతాళి చేశాడు. సబురొ తెడ్డు సంగతి ఎత్తలేదు. ఈ జలసంధుల్లో పోటు ఎప్పుడు ఏ వైపు తిరుగుతుందో, ఏ రాతి పక్కన సుడి లేస్తుందో పుట్టినప్పటి నుంచి చూస్తున్నానని, శత్రువు వెంటపడ్డప్పుడు అది తెలిసినవాడు ఓడలో ఉండటం మంచిదా కాదా మీరే ఆలోచించుకోండని అన్నాడు. సరంగు ఆలోచించాడు. తొకుజి మెడ మీది చేతులు తీయించాడు. కొడుకు ఉన్న ఓడలోకి పంపుతానని మాట ఇవ్వలేదు. సబురొ కూడా రెట్టించి అడగలేదు. అడిగితే ఉన్నది కూడా పోతుందని అతనికి ఇప్పుడు తెలుసు.

ఓడ ఎక్కబోతుండగా తొకుజి మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, రాతి మీద ఏ ఏడు చెక్కమంటారని అడిగాడు.

"తిరిగి వచ్చాక చెబుతాను," అన్నాడు సబురొ.

మరుసటి వసంతంలో పడమటి జలసంధిలో పెద్ద యుద్ధం జరిగింది. ఎర్ర జెండాల ఓడలు మునిగాయి. వాటితోపాటే జుయెయ్ అనే పేరు కూడా మునిగిపోయింది. కొన్ని వారాల తరువాత కొతారొ ఒక చేపల పడవలో ఇంటికి చేరాడు. తండ్రి ఓడల్లోనే ఉన్నాడన్న సంగతి తల్లి చెబితేనే అతనికి తెలిసింది. అప్పుడతను గుర్తు తెచ్చుకొని, యుద్ధం నాటి ఉదయం పక్క ఓడ ముందుభాగాన ఒక ముసలివాడు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని నీటి సుడిని చూస్తూ నిలబడ్డాడని, ఆ నిలబడ్డ తీరు తెలిసినట్టే అనిపించిందని, పిలుద్దామనుకొని కూడా నాన్న ఇక్కడికెందుకు వస్తాడులే అని ఊరుకున్నానని చెప్పాడు. సబురొ తిరిగి రాలేదు. అతను పోయాడని చెప్పినవారు కూడా లేరు.

ఆ ఎండాకాలంలోనే రాజధానిలో భూమి కంపించింది. గోపురాలు కూలాయి. అపశకునమని గెన్‌ర్యకు పేరును తీసివేసి మరో పేరు పెట్టారు. రెండు పేర్ల కోసం ఇంతమంది చచ్చారు, చివరకు రెండు పేర్లూ మిగల్లేదు. కొత్త పేరు చాటడానికి వచ్చిన అధికారి గుట్ట మీది రాయిని చూసి, ఖాళీ ఎందుకు, ఇప్పుడు భయం లేదు కదా, కొత్త పేరు చెక్కించండి అన్నాడు. తొకుజి ఉలి తీసుకొని మినె ముఖం చూశాడు.

"ఏడు చెప్పవలసిన మనిషి ఇంకా రాలేదు," అంది ఆవిడ.

అధికారికి ఆ జవాబు నచ్చలేదు. దీని వెనుక ఏదో ఉందని ఊరంతా తిరిగి ఆరా తీశాడు. ఈసారి ఎవరిని అడిగినా దాపరికం లేకుండా అదే కథ చెప్పారు. చివరకు ఖాళీని ఖాళీగానే వదిలి వెళ్లాడు. తొకుజి ఆ ఊళ్లోనే ఉండిపోయి రాతి చుట్టూ గుడి కట్టాడు. ఏడు లేని ఆ రాతిని బట్టే అమ్మవారిని జనం తోషినాషి అని పిలవసాగారు. కొతారొ మొదటి అర్చకుడయ్యాడు. ఆ వంశం వారే నేటికీ సేవ చేస్తున్నారు.

నేడు ఈ క్షేత్రానికి వచ్చేవారు తెలుసుకోవలసిన పద్ధతులు కొన్ని ఉన్నాయి. తోరణం దగ్గర అర్చకుల ఇంటివారు వేయించిన బార్లీ నీళ్లు అందిస్తారు. తాగడం పూర్తయ్యేదాకా మీరెవరు, ఏ ఊరు అని అడగరు. తాగాక కూడా మీరు చెబితే వింటారు, లేకపోతే లేదు. మొక్కు రాసే చెక్క పలకల మీద కోరిక, పేరు రాయవచ్చు, సంవత్సరం రాయకూడదు. ప్రసాదంగా చిటికెడు ఉప్పు ఇస్తారు. దానిని ఇంటికి తీసుకువెళ్లి, మనస్పర్థలు వచ్చినవారు ఒకే కూరలో వేసుకొని తినాలి.

చేయని తప్పు నెత్తిన పడినవారు, అనుమానంతో విడిపోయిన భార్యాభర్తలు, అన్నదమ్ములు ఈ తల్లిని దర్శిస్తే మనసులోని ముడి విడిపోతుందని ఇక్కడివారి నమ్మకం. ఇంటి మనిషి కబురు తెలియక ఎదురుచూసేవారికి మరొక సేవ ఉంది. వారు రాతి ముందు నిలబడి తమవారి పేరును పైకి, గుడిలో ఉన్న ప్రతి ఒక్కరికీ వినపడేలా చెప్పాలి. మనసులో అనుకుంటే చాలదు. ఆ సమయంలో మిగిలిన యాత్రికులు తమ ప్రార్థన ఆపి, ఆ పేరు తాము ఎక్కడైనా విన్నామా అని నిజాయితీగా గుర్తు చేసుకోవాలి. అమ్మవారికి ఇష్టమైన అర్చన అదే. మీరు వెళ్లినప్పుడు ఎవరైనా అలా ఒక పేరు పలికితే, దయచేసి కాసేపు ఆగి వినండి.